పెద్దక్క ఇసుకలో కూర్చున్న రోజు

నా చిన్నప్పుడు గోదావరి మీద తెరచాప పడవలు నడిచేవంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. ఇవతలి ఒడ్డు కరీంనగర్ జిల్లా, అవతలి ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. వడ్లు, చింతపండు, వెదురు, మేకలు, పెళ్లివాళ్లు, అందరూ అన్నీ ఆ పడవల్లోనే అటూ ఇటూ పోయేవి. అలాంటి ఒక పడవలో మేము పదిమంది ఆడపిల్లలం ఐదు రోజులు ప్రయాణం చేశాం. నిజానికి నాలుగు రోజులే అనుకున్నాం. ఎక్కువైన ఆ ఒక్క రోజు ఎందుకైందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

మా బాపు బెల్లంపల్లిలో బొగ్గుబాయి పని చేసేవాడు. ఇంట్లో నా తర్వాత ఇంకా ముగ్గురు. చదువు మీద ఆశ ఉన్న అవ్వ, అంటే మా అమ్మ, నన్ను గోదావరి ఇవతలి ఒడ్డున ఉన్న ఒక మిషన్ హాస్టల్లో చేర్పించింది. అప్పటికి నాకు పదమూడో ఏడు. ఆ హాస్టల్‌ను చూసుకునే ఆవిడను మేమంతా పెద్దక్క అనేవాళ్లం. నలభై దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు. తెల్లచీర, మెడలో నల్లదారానికి చిన్న సిలువ. ఆవిడ కూర్చోగా మేము చూడలేదు. ప్రార్థనకు మోకరించేది, మిగతా పొద్దంతా నిలబడే ఉండేది. మాకు వడ్డిస్తూ నిలబడే నాలుగు ముద్దలు తినేది. జ్వరమొచ్చినా తలకు గుడ్డ కట్టుకుని బావి దగ్గర బట్టలు పిండించేది. పెద్దరికమంటే అదే అనుకుని పెరిగాం మేము. అలసిపోయానని అనకూడదు, కూర్చోకూడదు, అంతే.

నేను చేరిన మూడో ఏడు పాస్టరయ్యగారు, సంఘపెద్దలు కలిసి పిల్లలకు నాయకత్వం నేర్పాలని ఒక ఏర్పాటు చేశారు. దసరా సెలవుల్లో పదిమంది ఆడపిల్లలు పెద్దక్కతో పాటు పడవ మీద పోవాలి. ఒడ్డు వెంట ఉన్న పల్లెల్లో దిగి, పాటలు పాడి, అక్కడి ఆడవాళ్లకు నాలుగు అక్షరాలు దిద్దించాలి. వంట, పాత్రలు, లెక్క, ప్రార్థన అన్నీ పిల్లలే చూసుకోవాలి. రోజుకు ఒకరో ఇద్దరో నాయకురాండ్రు. తిరిగి వచ్చాక పెద్దక్క చెప్పిన ఒక పిల్లను పరీక్షల తర్వాత పంతులమ్మ శిక్షణకు సంఘమే పంపిస్తుందని అన్నారు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు తిండి సయించలేదు. పంతులమ్మనైతే చెల్లెళ్లను నేనే చదివించవచ్చు, బాపు రెండో షిఫ్టు పని మానవచ్చు. ఆ ఒక్క పిల్లను నేనే కావాలనుకున్నాను.

పోయేటప్పుడు రెండు రోజులూ నీటివాలు. పడవవాళ్లు బెస్త అన్నదమ్ములు ఇద్దరు. అన్న వెనక చుక్కాని దగ్గర కూర్చునేవాడు, తమ్ముడు ముందర గడ వేసేవాడు. మాకు పని లేదు. నీళ్లలో చేతులు ముంచి పాటలు పాడుకున్నాం. మూడో రోజు తిరుగు ప్రయాణం. తూర్పు గాలి అందింది, తెరచాప కడుపుబ్బి నిలబడింది, పడవ ఏటికి ఎదురెక్కింది. గాలి చప్పుడు, తాళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నా జీవితంలో అంత హాయి మళ్లీ ఎరుగను. నాలుగో రోజు, ఆఖరి రోజు, నా వంతు.

ఆ రోజు పొద్దెక్కకముందే గాలి పడిపోయింది. తెరచాప తడిబట్టలాగా వేలాడింది. చుక్కాని పట్టిన అన్న కాసేపు ఆకాశం చూసి, ఇక మోకు పట్టాల్సిందే అన్నాడు. అంటే పడవకు పొడుగాటి తాడు కట్టి, ఒడ్డు వెంట నడుస్తూ మనుషులు లాగాలి. తమ్ముడు ఒక్కడితో కాదు. పిల్లలు కూడా చెయ్యి వేస్తే పొద్దుగూకేలోపు రేవు చేరవచ్చన్నాడు. మా రేవులో ఆ సాయంత్రం పాస్టరయ్యగారు ఎదురుచూస్తుంటారు. నాయకురాలిని నేను. నా రోజే ఆలస్యమైతే ఎట్లా?

పిల్లలను రెండు జట్లు చేశాను. ఒక జట్టు లాగితే ఒక జట్టు పడవలో ఉండాలి. రెండు పాటలు అయ్యేంత సేపటికి మార్పు. మొదట బాగానే నడిచింది. తర్వాత ఎండ ముదిరింది. ఇసుక కాలింది. తాడు అరచేతుల్ని ఒరిసింది. పడవ బరువు తగ్గితే తొందరగా పోవచ్చని నేను రెండు జట్లనూ కిందికి దింపేశాను. పెద్దక్క కూడా దిగింది. అందరికన్నా ముందుండి, కొంగు నడుముకు చుట్టి, తాడు భుజం మీద వేసుకుని నడిచింది. నా మడమకు గుల్లపెంకు కోసుకుని నెత్తురు వస్తోంది. ఎవరికీ చెప్పలేదు. గాయం మీద ఇసుక అద్దుకుని నడిచాను. అలా ఓర్చుకున్నందుకు లోపల గర్వంగా కూడా ఉంది.

మాలో అందరికన్నా చిన్నది ఆసిఫాబాద్ నుంచి వచ్చిన పిల్ల. పదకొండేళ్లు ఉంటాయేమో. ముందు రోజు నుంచీ సరిగా తినలేదు, ఎవరితో మాట్లాడలేదు. ఇంటి మీద బెంగేమో అనుకున్నాను. మధ్యాహ్నం వేళ తాడు వదిలేసి నా దగ్గరికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నాతోని అయితలేదు. జర సేపు పడవల కూసుంట."

ఆ చెయ్యి వేడిగా ఉన్న సంగతి నాకు తెలిసింది. ఎండకు అందరి చేతులూ వేడిగానే ఉన్నాయని నాకు నేనే చెప్పుకున్నాను.

"గా పెద్దక్క లాగుతలేదా? నీ కంటె ఎంత పెద్దది! ఆమెకు లేని అలసట నీకే వచ్చిందా? నువ్వు కూసుంటె అందరు కూసుంటరు. పో, పట్టు."

ఆ పిల్ల నా చెయ్యి వదిలింది. పోయి తాడు పట్టుకుంది. ముందు నడుస్తున్న పెద్దక్క ఒకసారి వెనక్కి తిరిగి మా ఇద్దరినీ చూసి, మళ్లీ నడిచింది.

ఇంకొంచెం దూరం పోయాక ఒడ్డు సన్నబడింది. ఒక పక్క తుమ్మకంప, ఒక పక్క నీళ్లు. అక్కడ ఏరు ఒడ్డును కిందికి కోసేసి లోతైన మడుగు చేసింది. నేను వెనక ఉన్నాను. నా కళ్ల ముందరే ఆ పిల్ల చేతులు తాడు మీది నుంచి జారాయి. అరవలేదు. నిద్రపోతున్నదానిలా పక్కకు ఒరిగి నీళ్లలో పడిపోయింది. పైకి తేలలేదు.

తమ్ముడు బెస్త తాడు వదిలి దూకాడు. తాడు వదిలేసరికి పడవ వెనక్కి కొట్టుకుపోయింది. అన్న గడతో దాన్ని ఆపడానికి పెనుగులాడుతున్నాడు. పిల్లలు ఏడుస్తున్నారు. ఎంతసేపో నాకు తెలియదు, చాలా సేపు అనిపించింది. చివరికి అతను ఆ పిల్ల జుట్టు పట్టుకుని పైకి తెచ్చాడు. ఇసుక మీద బోర్లా పడుకోబెట్టి వీపు రుద్దితే నీళ్లు కక్కి మూలిగింది. బతికింది. పెద్దక్క ఆమె నుదుటి మీద చెయ్యి వేసి, వెంటనే తీసి, మళ్లీ వేసింది.

"పొయ్యి లెక్క కాలుతున్నది" అంది మెల్లగా.

నేను ఆ పిల్ల కాళ్ల దగ్గర నిలబడ్డాను. పెద్దక్క నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. మిగతావాళ్లంతా ఆవిడ ఏం చెయ్యమంటుందోనని చూస్తున్నారు. ఆవిడ ఏమీ చెయ్యమనలేదు. ఆ పిల్ల తలను ఒడిలోకి తీసుకుని, కాలుతున్న ఇసుకలో అలాగే కూర్చుండిపోయింది. రెండు కాళ్లూ ముందుకు చాపింది. చీలమండలు వాచి కుండల్లా ఉన్నాయి. అరికాళ్లు పొక్కులు లేచి చిట్లిపోయాయి. మేమెవరమూ ఆ కాళ్లు చూడలేదు అప్పటిదాకా.

"నాతోని గూడ అయితలేదు పిల్లలాలా" అంది. "పొద్దటి సంది అయితలేదు. ఇయ్యాల కాదు, గీ ఏడంత అయితలేదు."

ఆవిడ గొంతు అలా వినడం మాకు అదే మొదటిసారి. నేను ఏడుస్తూ దగ్గరికి పోయి, తప్పు నాదే అన్నాను. ఆ పిల్ల అడిగిందనీ, నేనే కసిరి పంపాననీ, చెయ్యి కాలుతున్నదని నాకు తెలుసుననీ, అన్నీ చెప్పాను. ఆవిడ విన్నది. తప్పు కాదని అనలేదు.

"నువ్వు ఆమె మాట ఇనకపోవుడు నీ తప్పే బిడ్డా. కని నువ్వెవలిని చూసి అట్ల నేర్చుకున్నవ్? నన్ను చూసి. నేను పొద్దుగాలనే కూసుంటె, గీ పొల్ల గూడ కూసుండేది. నేను కూసోలే. పెద్ద పేరు వోతదని కూసోలే."

తర్వాత ఆవిడ నా కాలు చూసింది. ఇసుక మీద నెత్తురు మరకలు ఉన్నాయి. ఇది ఎప్పటి సంది అని అడిగింది. చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుంది. అప్పుడు మంథని వైపు నుంచి వచ్చిన ఒక పొడుగు పిల్ల అరచేతులు చాపి చూపించింది. తోలు లేచిపోయింది. ఇంకొకామె తనకు పొద్దటి నుంచి కడుపునొప్పి అంది. తడిబట్టలతో నిలబడ్డ తమ్ముడు బెస్త కూడా చతికిలబడి, ఈ ఎండలో గాలి లేకుండా పడవ నడపొద్దని చెబుదామనుకున్నా, మీరంతా అంత జోరు మీదుంటే నోరు రాలేదమ్మా అన్నాడు.

ఇక ఆ రోజు ప్రయాణం లేదని పెద్దక్క చెప్పింది. తెరచాప విప్పించి, గడల మీద పరిపించి నీడ చేయించింది. ఆ నీడలో ఆసిఫాబాద్ పిల్లను పడుకోబెట్టి తడిగుడ్డ వేశాం. మాత్రల పెట్టెలో ఉన్న జ్వరం మాత్ర ఇచ్చాం. పొడుగు పిల్ల మక్కజొన్న రవ్వతో గటుక కాచింది. పెద్దక్క కూర్చుని తిన్నది. నేను ఆవిడ కాళ్లు కడుగుతానంటే వద్దనలేదు. కడుగుతుంటే ఒక మాట అంది. తుఫానులో యేసుప్రభువు గాలిని గద్దించిన సంగతే మనం పిల్లలకు చెబుతాం గానీ, అంతకుముందు ఆయన అలసిపోయి, శిష్యులందరి ముందర పడవలో పడుకున్న సంగతి చెప్పం, ఎందుకో, అంది. నన్ను అడిగినట్టు లేదు. తనను తానే అడుక్కున్నట్టు ఉంది. అలా అంటూనే నిద్రలోకి జారింది. పొద్దు వాలే దాకా లేవలేదు. మేము కూడా ఎవరినీ లేపకుండా, ఎక్కడివాళ్లం అక్కడే ఒరిగిపోయాం.

నేను ఆ పిల్ల పక్కన కూర్చుని, నన్ను మన్నించమని చెవిలో చెప్పాను. ఆమె వినలేదు. నిద్రలో ఉంది.

మర్నాడు పొద్దున కొద్దిగా గాలి లేచింది. తెరచాప సగమే నిండింది. మెల్లమెల్లగా, ఆగుతూ ఆగుతూ, పొద్దుగూకే వేళకు మా రేవు చేరాం. పాస్టరయ్యగారూ, పెద్దలు ఇద్దరూ ముందు రోజు నుంచీ రేవులోనే ఉన్నారట. పరేషాన్ మీద పరేషాన్. మమ్మల్ని చూడగానే ఊరట కోపంగా మారింది. ఒక్కరోజు ఆలస్యం ఎందుకైందని గట్టిగా అడిగారు. గాలి లేదని అంటే సరిపోయేది. పెద్దక్క అలా అనలేదు.

"అలసిపోయినం అయ్యా. ఒక పిల్లకు జరమొచ్చింది, మేము చూసుకోలే. ఆగినం."

పెద్దలలో ఒకాయన, నాయకత్వం నేర్పమని పంపితే కూర్చోవడం నేర్పావా అన్నాడు. ఆవిడ తలవంచుకుంది. నాకు నోరు విప్పాలనిపించింది. విప్పలేదు. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

ఆ ఏడు శిక్షణకు ఎవరినీ పంపలేదు. పడవ ప్రయాణం మళ్లీ పెట్టలేదు. ఆసిఫాబాద్ పిల్లకు జ్వరం తగ్గడానికి పది రోజులు పట్టింది. వాళ్ల అవ్వ వచ్చి తీసుకుపోయింది, తిరిగి పంపలేదు. నేను మన్నించమని అడిగిన సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు. పెద్దక్క ఇంకా రెండేళ్లు మా దగ్గర ఉంది. భోజనాల గదిలో మాతోపాటు చాప మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఒంట్లో బాగాలేని రోజు, ఇయ్యాల నాకు బాగలేదు, మీరే చూసుకోండ్రి అని చెప్పేది. మేము చూసుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే పెద్దరికం మాకు వచ్చింది ఆ రోజుల్లోనే.

నేను పంతులమ్మను కాలేదు, నర్సునయ్యాను. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గుబాయిల ఊళ్లలోని ఆసుపత్రుల్లో పని చేశాను. చివరి పదేళ్లు వార్డు మొత్తం నా చేతి కింద ఉండేది. ఒక వానాకాలం వాంతులూ విరేచనాలతో ఊరు ఊరంతా వచ్చి పడింది. మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టాం. మూడో రోజుకు నా కింద పని చేసే ఒక చిన్న నర్సు సూది పట్టుకుంటే చెయ్యి వణకడం చూశాను. నన్ను చూసి గబుక్కున చెయ్యి వెనక్కి దాచుకుంది. ఆ దాచుకోవడం నాకు తెలుసు. కూర్చో అని చెబితే కూర్చోదు, బాగానే ఉన్నానంటుంది. అందుకని వార్డు మధ్యలో, రోగులందరూ చూస్తుండగా, స్టూలు లాక్కుని నేను కూర్చున్నాను.

"నాతోని అయితలేదు బిడ్డా, జర సేపు కూసుంట" అన్నాను.

ఆ పిల్ల రెండు క్షణాలు నా ముఖం చూసింది. సూది ట్రేలో పెట్టింది. నా కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ మాట అనడం నాకు ఎన్నడూ తేలిక కాలేదు. ఈ వయసులో కూడా తేలిక కాదు. అయినా అంటాను.