రెండోసారి అడిగేవాళ్లు

ఈ దేశమొచ్చి, ముసలివాళ్లను చూసుకునే ఏజ్డ్ కేర్ హోమ్‌లో పనికి చేరిన మొదటి వారంలోనే మా సూపర్‌వైజర్ నా ఇంగ్లీషు దిద్దింది. కిటికీ పక్క గదిలో ఉండే పెద్దావిడ భోజనం వద్దంటే, కంప్యూటర్లో 'రిఫ్యూజ్డ్' అని కొట్టాను. ఆ మాటలో మొండితనం ఉందట, మనిషిని తప్పుపట్టినట్టు ఉంటుందట. 'డిక్లైన్డ్' అనాలట. అందులో మర్యాద ఉందట, వద్దనడం ఆవిడ హక్కట. మన దగ్గర రెంటికీ 'వద్దంది' అంటే సరిపోతుంది. సరే, జీతమిచ్చేవాళ్ల ఇంగ్లీషు కదా, మార్చాను.

అప్పటి నుంచి ఆ మాట ఎన్నిసార్లు కొట్టానో. స్నానం డిక్లైన్డ్. సూపు డిక్లైన్డ్. నడుము పట్టేసి, కాళ్లు లాగేస్తున్న రోజుల్లో నాకూ అది హాయిగానే ఉండేది, అబద్ధమెందుకు. ఒకసారి అడిగి, వద్దంటే రాసేసి, పక్క గదికి పోవడమే.

నేను పెరిగిన ఇంట్లో మాత్రం మొదటి 'వద్దు'కి విలువే లేదు. కంచం మీద చేయి అడ్డం పెట్టినా పక్కనుంచి గరిటె దూరేది. "ఇప్పుడే తాగొచ్చామండీ" అని చుట్టాలు అనేలోపే అమ్మ పొయ్యి మీద పాలు పెట్టేసేది. మొదటిది మొహమాటానికి అనే మాట. మళ్లీ అడిగితేనే అసలు జవాబు వచ్చేది.

మొన్న ఆ పెద్దావిడ మళ్లీ సూపు వద్దంది. ఎందుకో ఊరుకోలేక, "రెండు చెంచాలు, నాకోసం" అన్నాను. ఆవిడ నా వైపు తిరిగింది. "ఇక్కడెవరూ రెండోసారి అడగరు" అంటూ చెంచా అందుకుంది. సగం గిన్నె తాగింది.

ఆ మధ్యాహ్నం టార్నీట్ స్టేషన్లో రైలు దిగి ఇంటికొచ్చేసరికి ఒళ్లు పులిసిపోయింది. మా ఆయనది ఇంటి నుంచే పని. లాప్‌టాప్ మీంచి తలెత్తకుండా అడిగారు.

"టీ పెట్టనా?"

"వద్దులెండి."

"ఓకే."

హెడ్‌ఫోన్ పెట్టుకుని మళ్లీ పనిలో పడిపోయారు. పెళ్లిచూపుల నాడు మా అమ్మ వేసిన గారెలన్నీ వద్దు వద్దంటూనే తిన్న మనిషి ఈయనే.

బూట్లు కూడా విప్పకుండా సోఫాలో కూలబడ్డాను. కోపమొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. నా పేరు పక్కన కూడా ఎవరో డిక్లైన్డ్ అని కొట్టేసి వెళ్లిపోయినట్టుంది.

"ఏవండీ."

ఆయన హెడ్‌ఫోన్ తీశారు. "ఏంటి?"

"టీ. ఇంకోసారి అడగండి."