మంద పెట్టిన పొలాన్ని ఖాళీ అన్నారు

‘ఖాళీగా ఉన్నది’ అన్న ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శామీర్‌పేట దాటాక మాకు రెండెకరాల పొలం ఉంది. మా బతుకంతా అదే. యాసంగి వరి కోశాక ప్రతి ఎండాకాలం నాయిన అందులో గొర్ల మంద పెట్టిస్తాడు. వారం రోజులు గొర్లు రాత్రిపూట అక్కడే పడుకుంటే, వాటి పెంటతో నేలకు సత్తువ వస్తుంది. మంద తోలేవాళ్లను బతిమాలి, వండిపెట్టి మరీ పిలుచుకునే పని అది.

సరిగ్గా ఆ వారంలోనే ఒక పొద్దున సర్వేవాళ్లు దిగారు. నాయిన వాళ్లను నీడన కూర్చోబెట్టి మజ్జిగ పోయించాడు. ఫోటో తీస్తామంటే మురిసిపోయి, గొర్లను అదిలించి ఒక్కచోటికి చేర్చాడు కూడా. ఆఖరికి వాళ్లొక కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. నాయిన దాన్ని నా చేతికిచ్చాడు. తూంకుంట బడిలో ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్నదాన్ని కదా, చదివాను. భూమి ఖాళీగా ఉన్నది, గొర్రెలు మేయుచున్నవి అని రాశారు. ఆ రోజుకు పైరు లేదు, ఉన్నమాటే కదా అనుకున్నాను.

“పెట్టు నాయినా, ఏం గాదు” అన్నాను.

రెండు నెలలకు గ్రామసభలో ఒక అధికారి ఆ ఫోటోను తెర మీద వేశాడు. ఇవన్నీ సాగులేని బీళ్లట, ఇక్కడ పెద్ద స్టేడియం కడతారట. మా పక్క పొలంలో ఆకుకూరలు పండించే చాచా లేచాడు.

“బీడేంది సాబ్? గది మంద వెట్టిన పొలం. మీరు దినే బియ్యం గాణ్నించే వస్తయి.”

“రైతే సంతకం పెట్టాడు కదా” అని అధికారి నవ్వాడు. సిగ్గులేని నవ్వు. ఊరంతా నాయిన వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు గానీ నా పేరు ఎత్తలేదు. నేనే లేచి, చదివింది నేను, పెట్టించింది నేను అని చెప్పాను. సగం కోపం అతని మీద, సగం నా మీద.

అభ్యంతరాలుంటే రాసివ్వమన్నారు. ఇంటికొచ్చాక నాయిన నన్ను కూర్చోబెట్టాడు.

“ఈపారి నేను జెప్త, నువ్వు రాయి. నడుమ నీ మాటలు కలుపకు.”

ఏ నెలలో ఏ పని, మంద ఎందుకు, ఎన్ని తరాల నుంచి, అన్నీ చెప్పాడు. నాలుగు పేజీలైంది. ఒక్క మాట మార్చకుండా రాశాను.

మర్నాడు ఊరివాళ్లందరం ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా పేజీ కూడా తిప్పకుండా ముద్ర కొట్టి పక్కన పడేశాడు.

“ముట్టింది, ఇగ పోండ్రి” అన్నాడు.

నేను కాగితాలు తీసి మళ్లీ అతని ముందు పెట్టాను. చదవమన్నాను. పెద్దసారు చూసుకుంటాడన్నాడు. అప్పుడు నాయిన ఆ బల్ల ముందే నేల మీద కూర్చున్నాడు. పక్కన చాచా కూర్చున్నాడు. వెనక ఊరు కూర్చుంది.

“మెల్లగనే సదువు బిడ్డా” అన్నాడు నాయిన గుమాస్తాతో. “మొత్తం సదివినంకనే లేస్తం.”