లింబాద్రి మాట వినని చెయ్యి

ఎల్లారెడ్డిలో పొద్దున బస్సెక్కితే లింగంపేట వచ్చేలోపే లింబాద్రికి కునుకు పట్టేది. ఇరవై రెండేళ్లుగా మంట గన్ను మోసిన భుజం రాత్రంతా సలుపుతూ నిద్రపోనివ్వదు మరి.

ఆయన పనిచేసేది కామారెడ్డిలో, ఆశన్న షెడ్డులో. రైస్‌మిల్లుల్లో అరిగిపోయిన షాఫ్టుల మీద లోహపు పొడిని గన్ను మంటలో కరిగించి చిమ్మి, పోయిన మందం మళ్లీ తెప్పించే పని. ఒంటికి తోలు కోటు, మొహానికి ముసుగు, చెవులు పగిలే చప్పుడు. "నన్ను ప్యాకింగుల కూసోబెట్టు సేఠ్, నాతోని అయితలేదు" అని ఏడాదిగా మొత్తుకుంటున్నాడు. "చూద్దాం తియ్" అనడమే తప్ప ఆశన్న చూసింది లేదు.

ఆ మధ్య హైదరాబాదు కంపెనీ ఒకటి పరీక్ష కోసం మూడు ముక్కలు పంపింది. స్పాంజిలా ఒళ్లంతా రంధ్రాలున్న లోహం. కొలిమి పొగలో వృథాగా పోయే వేడిని పట్టే యంత్రానికట. లోపలి రంధ్రాల్లోంచి గాలి పారాలి, పైన మాత్రం పొగ దూరని గట్టి పొర రావాలి.

గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి గరుకు చేయనిదే పొర పట్టదన్నది లింబాద్రి నేర్చిన మొదటి పాఠం. అలవాటు కొద్దీ కొట్టాడు. మొదటి ముక్క అప్పడంలా నలిగింది. రెండోదానికి ఇసుక మానేస్తే, కరిగిన పొడి లోపలికి దిగి రంధ్రాలన్నీ పూడిపోయాయి.

ఆశన్న తల పట్టుకున్నాడు. "మిల్లులోళ్లు కొత్త షాఫ్టులే కొంటున్నరు. ఇది గూడ ఖరాబైతే గన్ను బంద్ పెడ్త. నువ్వు పోయి ప్యాకింగుల కూసో."

అంటే చెడగొడితే చాలు! పుట్టాక లింబాద్రికి ఇంత సులువైన పని ఎవరూ చెప్పలేదు.

చెడగొట్టాడా? లేదు. రెండు రోజులు ఆ ముక్క ముందే కూర్చున్నాడు. మెత్తటి ఉప్పును తడిపి, పైరంధ్రాల్లో వేలితో కూరి, ఆరబెట్టి, లోహం మొనలు తేలేదాకా రుద్దాడు. గన్ను వెలిగించాక కాస్త దగ్గరగా పట్టి మాడ్చేద్దామనే అనుకున్నాడు. చెయ్యి ఒప్పుకోలేదు. ఎప్పటి దూరంలో, ఎప్పటి వేగంతో నడిచింది. తర్వాత వేడినీళ్లలో వేస్తే ఉప్పంతా కరిగిపోయింది. ఒక చివర ఊదితే రెండో చివర పెట్టిన అరచేతికి గాలి తగిలింది. సిగ్గులేని సంతోషం కలిగింది ఆయనకు.

వారానికి ఆశన్న ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "పాసైంది లింబాద్రీ! మూడు వందల ముక్కలు పంపుతున్నరు. అన్నీ నీ చేతితోనే కావాల్నట!"

షెడ్డంతా చప్పట్లు కొట్టింది. లింబాద్రి గబగబా ముసుగు తగిలించుకున్నాడు. ముసుగు వేసుకున్నాక కళ్లు తుడుచుకోవడానికి వీలుండదని అప్పుడు గుర్తొచ్చింది.