మైనం పూయని కారు

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఒకనాటి ఉదయం, ప్రొద్దుటూరులో ఒక వకీలుగారి వాకిట్లో నేను కారు తోముతున్నాను. వకీలు మా సంస్కరణ సంఘానికి అధ్యక్షుడు. ఆ సాయంత్రం జమ్మలమడుగులో మా సంఘం చేయిస్తున్న పెళ్లి. పెళ్లికూతురు బడిపంతులమ్మ, చిన్నవయసులోనే భర్త పోయిన మనిషి. వకీలును మామా అని పిలిచేది. దొంగచాటు పెళ్లి అని ఎవరూ అనకూడదు, ఆమెను పట్టపగలు బజారు మీదుగా కారులో తీసుకుపోవాలి అని నిశ్చయించాం. కారు నాదే అన్నాడు వకీలు.

ఎర్రగుంట్ల రోడ్డు దుమ్ముకూ ఎండకూ ఆ కారు నలుపు బూడిదరంగుకు తిరిగింది. డ్రైవరూ నేనూ దాన్ని నీడకు తోసి కడిగాం. ఇసుక రేణువు మిగిలితే గుడ్డ కింద పడి రంగును గీస్తుందని డ్రైవరు రేకంతా వేళ్లతో తడిమి చూశాడు. తర్వాత పాత పంచె ముక్కలకు పాలిష్ అద్ది, జానెడు జానెడు చోటే రుద్దుకుంటూ పోయాం. చచ్చిన రంగు గుడ్డకు అంటి, అసలు నలుపు పైకి తేలింది. మధ్యాహ్నానికి బానెట్‌లో నా మీసాలు కనిపించాయి. ఇక మైనం పూయడమే మిగిలింది.

వకీలు బయటికొచ్చి కారు చుట్టూ తిరిగాడు. నా భుజం మీద చెయ్యేసి గొంతు తగ్గించాడు.

“కొత్త కారు మాదిరి అయిపోయెనప్పా. మైనం పూసినాక మొదట మా ఇంటామెను కూర్చోబెట్టి ఒక చుట్టు తిప్పుకొస్తాం. ముత్తైదువ ఎక్కినాక ఆయమ్మను ఎక్కించుకుందాం. ఏం పోతాది?”

నా చేతిలో గుడ్డ అట్లాగే ఆగిపోయింది. వితంతువు ఎదురొస్తే ఇంట్లోకి తిరిగిపోయేవాళ్లను వేదికల మీద ఉతికి ఆరేసిన నోరు అది. రేకుకూ రబ్బరుకూ కూడా అశుభం అంటుతుందా అని అడిగాను. ఆయన నవ్వి, నమ్మకం తనది కాదు, ఇంట్లోవాళ్లది అన్నాడు. లోకంలోని మూఢాచారాలన్నీ ఇట్లాగే ఇంట్లోవాళ్లవి!

పెళ్లికూతురు అప్పటికే పెట్టెతో వచ్చి తలుపు వెనకే నిలబడి ఉందని మాకు తెలియదు. ఆమె మెట్లు దిగి డ్రైవరు వైపు చూసింది.

“మైనం పూయొద్దులేన్నా. నేను బస్సులో పోతా.”

డ్రైవరు మైనం డబ్బాకు మూత పెట్టేశాడు. నేను ఆమె పెట్టె అందుకున్నాను.

జమ్మలమడుగులో కారు కోసం ఎదురుచూస్తున్న పెళ్లికొడుకు ముందు, బస్టాండు జనమంతా చూస్తుండగా, ఆమె బస్సు దిగింది. దొంగచాటు అనే మాటకు అక్కడే చోటు లేకుండా పోయింది.

సాయంత్రం వకీలు భార్యతో కారులోనే వచ్చి, ఏమీ జరగనట్టు అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్నాడు. లేచి, మూఢనమ్మకాల గురించి గొంతెత్తాడు. పెళ్లికూతురు చేతిలో దండతో లేచి నిలబడింది.

“ఆ మాటలు ఈడ మాకెందుకు మామా. ఇంటికి పోయి నీ కారుకు చెప్పు.”

సభలో చాలామందికి అర్థం కాలేదు. వకీలు కూర్చున్నాడు. అధ్యక్షోపన్యాసం లేకుండానే దండలు మార్చుకున్నారు.