నాలుగో ఆప్షన్

బ్యాంకు పరీక్షకు పది రోజులుంది. క్రిటికల్ రీజనింగ్‌లో మార్కులు పోతున్నాయని నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పుస్తకం పట్టుకుని పొలం గట్టు మీద అటూ ఇటూ తిరిగేదాన్ని. నరసరావుపేట కోచింగ్‌లో సారు రోజూ తిట్టేవారు. "నీకు తెలిసింది పక్కన పెట్టమ్మా. పేపర్లో ఇచ్చిందే చూడు." అది నా వల్ల అయితేగా! మిరపకాయలన్నీ ఎర్రగా ఉంటాయి అని ప్రశ్న మొదలైతే చాలు, తాలుకాయలు తెల్లగా ఉండవా ఏంది అని పేచీ పెట్టుకుని తప్పు జవాబుకి టిక్కు పెట్టేదాన్ని.

పక్క పొలం బాబాయే నాకు తోడు. సొంత బాబాయి కాదు, చిన్నప్పటి నుంచీ అదే పిలుపు. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని ప్రశ్నలు, కింద ఉన్న నాలుగు ఆప్షన్లూ పైకి చదివేవాడు. నేను తప్పు చెబితే, "ఏమే మొద్దూ, మళ్ళీ చదవమంటావా?" అనేవాడు.

అంతలో మా బోరు మోటారు కేబుల్ ఎవరో కోసుకుపోయారు. ముందురోజు సాయంత్రం అక్కడ ఆఖరున కనిపించింది బాబాయి. ఇంకేముంది, దొంగ అతనేనని నాన్న తేల్చేశాడు. మర్నాడు పొద్దున్నే రామాలయం అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. మా వైపు ఆనవాయితీ ఒకటుంది. నేను తీయలేదు అనేవాడు దేవుడి ముందు వెలిగించిన కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి ప్రమాణం చెయ్యాలి.

"నేను చెయ్యను. తియ్యనోణ్ణి, దేనికి ఆర్పాల?" అన్నాడు బాబాయి.

"ఆర్పనంటన్నాడంటే తీసినట్టే గదా!" అన్నాడు నాన్న.

ఆ మాటకీ ఈ మాటకీ పొంతనే లేదని నేను లోపల్లోపల గింజుకుపోతున్నాను. బాబాయి నా వైపు తిరిగాడు. "ఏమ్మా, చదువుకున్నదానివి, నువ్వు చెప్పు. ప్రమాణం చెయ్యకపోతే దొంగనైపోతానా?"

నాన్న కళ్ళు నా మీదే ఉన్నాయి. ఛీ, ఎంత పిరికిదాన్ని! పుస్తకం చాటున దాక్కున్నాను. ప్రతి ప్రశ్న కిందా నాలుగో ఆప్షన్‌గా ఉండే ముక్కనే అప్పజెప్పాను.

"ఇచ్చిన సమాచారం చాలదు, బాబాయ్."

"అదిగో, ఆ పిల్ల కూడా కాదనలేదు" అన్నాడో పెద్దమనిషి.

బాబాయి అరుగు దిగి చెప్పులేసుకున్నాడు. నా మీద కోప్పడినా బాగుండేది.

"పుట్టినకాడి నుంచి నన్ను చూస్తన్నావు" అన్నాడు. "ఇంకేం సమాచారం కావాలమ్మా నీకు?"