నాలుగు మూరల తొట్టి

ఇంట్లో కొలతల టేపు ఉండడం కూడా ఒక భాగ్యమేనని ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. తొంభైలు గడిచిపోయి, బాన్సువాడ చుట్టుపక్కల పొలాల్లో వరికోత మిషన్లు అప్పుడప్పుడే తిరగడం మొదలుపెట్టిన ఆ రోజుల్లో మా ఇంట్లో అన్నీ చేతులతోనే కొలిచేవాళ్లం. ఉప్పుకు చిటికెడు, బియ్యానికి గుప్పెడు, పూలకు మూర, పందిరికి బాపు నిలబడి పైకెత్తిన చెయ్యి. దేవుడి దయవల్ల కూర ఎప్పుడూ ఉప్పు కాలేదు, పందిరి ఎప్పుడూ కూలలేదు. అందుకని ఆయనిచ్చిన చేతిని మించిన కొలబద్ద లేదని అందరితోపాటు నేనూ నమ్మాను. ఆ నమ్మకంతోనే మేమంతా కలిసి ఒక పికప్ బండి కొన్నాం. దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే లోపలెక్కడో కలుక్కుమంటుంది.

బండి సంగతికి ముందు మా అవ్వ సంగతి చెప్పాలి. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ, మా నానమ్మ. నేను బడి మొహం చూసినదాన్ని కాదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, చలికాలం వస్తే పిల్లికూనలా గురగురమనేదాన్నట. బడికి పంపితే దారిలోనే ఎక్కడో కూలబడతానని బాపు భయపడితే, అవ్వ తాంబాళంలో బియ్యం పోసి, నా వేలు తన చేతిలోకి తీసుకుని, వంటింట్లోనే అక్షరాలు దిద్దించింది. (బియ్యంలో చదువు కనుక ప్రతి పాఠం అయ్యేసరికి రాళ్లు ఏరడం కూడా అయిపోయేది. అమ్మకు ఆ చదువు బాగా నచ్చింది.) అలా భక్తి పుస్తకాలు, పంచాంగం, బెల్లం పొట్లానికి చుట్టి వచ్చిన పేపరు ముక్కలు, ఏది దొరికితే అది చదివేదాన్ని అయ్యాక అవ్వకు కొత్త బెంగ పట్టుకుంది. బాసర తీసుకుపోయి అమ్మవారి ముందు దిద్దించాల్సిన అక్షరాలను తాను చెప్పాపెట్టకుండా పొయ్యి పక్కన దిద్దించేసిందట. "ఆ తల్లిని అడగకుండ ఆమె సొమ్ము దీసి నీ చేతుల వెట్టిన బిడ్డా. ఒక్కసారి తోలుకపోయి చూపియ్యాలె" అనేది. నేను ఏదైనా మరిచిపోతే చాలు, సూసినవా, తల్లి వాపసు తీసుకుంటున్నది అని లెంపలు వేసుకునేది. ఈసారి కోతలు, వచ్చేసారి అన్న పెళ్లి, ఆ తరువాత ఇంకేదో. అలా నాకు ఇరవై దాటిపోయాయి. అంతలో అవ్వ వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. పడుకోవచ్చు గానీ కూర్చోబెట్టకూడదని నిజామాబాద్ దవాఖానలో చెప్పి పంపారు. ఇక బస్సూ లేదు, ఆటో లేదు. అవ్వ మాత్రం మొక్కు వదలలేదు, పోతే మంచంతోనే పోతానంది.

ఆ ఏడే దేవుడు చల్లగా చూసి వడ్లు బాగా పండాయి. ఊళ్లోని ధాన్యం, ఎరువులు కిరాయికి తోలుకుంటే ఇల్లు గడుస్తుందని పికప్ కొనాలనుకున్నారు. ఎలాంటిది కొనాలన్న దగ్గరే ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. ముందు ఒకే వరస సీట్లు ఉండి వెనక తొట్టి పొడుగ్గా ఉన్నది బాపు పార్టీ. నాలుగు బస్తాలు ఎక్కువ పడితే నాలుగు మెతుకులు ఎక్కువ అంటాడాయన. రెండు వరసల సీట్లు ఉండి తొట్టి పొట్టిగా ఉన్నది అన్న పార్టీ. వదినా పిల్లలూ ముందు దర్జాగా కూర్చోవాలని అతని కోరిక. దానికి తోడు పొడుగుబండి మా గల్లీలో తిరగదని, రివర్స్ చేస్తే పక్కింటి వాళ్ల గోడ మన ఇంటికి వస్తుందని వాదించేవాడు. అన్నం దగ్గర ఇదే గొడవ. బాపు చారు పోసుకుంటూ పొడుగు అనేవాడు, అన్న మజ్జిగ పోసుకుంటూ పొట్టి అనేవాడు. అవ్వ అంతా విని మంచం మీది నుంచి ఒక్కటే అడిగేది: "గవన్ని నాకెందుకు గని, నా మంచం ఏ దాంట్ల వడతదో గది జెప్పుండ్రి."

ఆ మాటకు బాపు బలం పెరిగింది, అన్న మొహం వాడిపోయింది. నాకు ఇద్దరూ కావాలి. అవ్వ బాసర చూడాలి, అన్న కోరికా తీరాలి. మంచం అటు నుంచీ ఇటు నుంచీ కొలిచిన అన్న, నాలుగు మూరలకు నాలుగు వేళ్లు తక్కువ అని తేల్చాడు. అంటే పొట్టి తొట్టి నాలుగు మూరలుంటే ఎవరి మనసూ నొప్పించక్కర్లేదు. నేను వెంటనే దేవుడి గూట్లో దీపం వెలిగించి, ఆ తొట్టి సరిగ్గా నాలుగు మూరలు రావాలి స్వామీ అని మొక్కుకున్నాను. తొట్టి కొలిచి రావడానికి అన్నకు తోడుగా మా కాకను నిజామాబాద్ షోరూముకు పంపించారు.

కాక గురించి ఇక్కడే చెప్పాలి. బాపుకు తమ్ముడు. వారం వారం అంగడిలో తాళ్లు, మోకులు అమ్మేవాడు. మనిషి బంగారం, చేతులు మాత్రం పొట్టివి. పలుపుతాడు మూరల లెక్కన అమ్మేవాడు కదా, ఆ మూర ఎంతో అంగడంతటికీ తెలుసు. బిచ్కుంద వైపు రైతులైతే మోకు కొనాల్సి వచ్చినప్పుడు పొడుగు చేతుల మనిషినొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చేవాళ్లు. కాక నొచ్చుకునేవాడు కాదు. నా చెయ్యి నేను చేసుకున్ననా అని నవ్వి, మీదికి ఇంకో జానెడు తాడు వదిలేవాడు. ఇంత ప్రసిద్ధమైన చెయ్యిని తొట్టి కొలవడానికి పంపిస్తూ ఇంట్లో ఒక్కరమైనా ఆలోచించామా అంటే, లేదు. షోరూములో బండ్లు చూపించే అతను అడుగుల్లో ఏదో చెప్పబోతే కాక ఆపేశాడట. అన్న ఆ సమయానికి స్టీరింగు ముందు కూర్చుని హారన్ కొట్టి చూసుకుంటున్నాడట. సాయంత్రం కాక చెప్పులు విడవకుండానే వాకిట్లోంచి కేకేశాడు, సరిగ్గా నాలుగు మూరలని. నేను దేవుడి గూటి వైపు చూసి చేతులు జోడించాను. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు తండ్రి.

బాపు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. కళ్లతో చూస్తే గానీ ఒప్పుకోనన్నాడు. చూపించే భారం నా మీద పడింది. మర్నాడు వాకిలి ఊడ్చి, అన్న తన మోచెయ్యి నేల మీద ఆనిస్తూ నాలుగు మూరలు గుర్తు పెడితే, నేను ముగ్గుతో బండి వేశాను. ముందు ముక్కు, వెనక రెండు వరసల సీట్లు, ఆ వెనక తొట్టి. చక్రాల చోట నాలుగు పద్మాలు వచ్చాయి. (ఉత్త సున్న చుట్టడానికి నాకు చెయ్యి రాదు.) లైట్ల చోట చెరొక దీపం వేశాను. మగవాళ్లు అవ్వ మంచాన్ని మెల్లగా ఎత్తి తెచ్చి ముగ్గు తొట్టిలో దింపారు. అతికినట్టు సరిపోయింది. మీదికి నాలుగు వేళ్ల జాగా కూడా మిగిలింది.

అక్కడితో ఆగితే అయిపోయేది. కానీ అన్న జల్లెడ తెచ్చుకుని ముందు పీటేసుకుని కూర్చున్నాడు, స్టీరింగు అన్నమాట. పక్క పీట మీద బాపు, ఇదేం పిల్లాట అని సణుగుతూనే, కండువా సర్దుకుని కూర్చున్నాడు. వెనక వరసలో అమ్మ, వదిన, పిల్లలు. కాక తొట్టి వెనక నిలబడి మంచం కోడును చరిచి, రైట్ రైట్ అన్నాడు. నేను అవ్వ తల దగ్గర కూర్చున్నాను. అన్న నోటితోనే గేర్లు మార్చాడు. వర్ని దాటిందన్నాడు. బోధన్ వచ్చింది, చాయ్ తాగేవాళ్లు దిగండన్నాడు. అవ్వ నాకో చాయ్ అంటే అమ్మ నిజంగానే లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చింది, మళ్లీ బండి దాటిపోతుందేమో అన్నట్టు గబగబా వచ్చి తన పీట మీద కూర్చుంది. గోడల మీది నుంచి చూస్తున్న పక్కింటి వాళ్లు మాకూ సీటుందా అని అడిగారు. కాసేపటికి అన్న వేగం తగ్గించి, "ఇగ గోదావరి బ్రిడ్జి వచ్చిందే అవ్వా" అన్నాడు.

అవ్వ నవ్వు ఆపేసింది. "ఒక రూపాయి ఇయ్యి బిడ్డా" అని నా వైపు చెయ్యి చాపింది. ఇస్తే కళ్లకద్దుకుని మంచం మీది నుంచే విసిరింది. అది తులసిగద్దె పక్కన పడితే గింజలనుకుని రెండు కోళ్లు పరిగెత్తాయి. ఎవరూ నవ్వలేదు. అవ్వ పడుకున్నచోటే చేతులు రెండూ జోడించి, "తల్లీ, పిల్లను తోలుకచ్చిన. చిన్నప్పుడు అడగలేదని కోపం వెట్టుకోకు" అంది. బాపు ముక్కు చీదుకుని, సరే, పొట్టి తొట్టిదే తెచ్చుకుందాం పాండి అన్నాడు.

మర్నాడు పొద్దున్నే లేచి, రోజూ చేసినట్టే వాకిలి ఊడ్చి అలుకు చల్లాను. పద్మాలు, దీపాలు, సీట్లు అన్నీ కలిసిపోయాయి. తులసిగద్దె దగ్గర చీపురుకు తగిలిన రూపాయిని తీసి కడిగి దేవుడి గూట్లో పెట్టాను.

బండి వచ్చింది. కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముక్కు మీద పసుపుతో స్వస్తిక్ వేశాం. అవ్వకు కొత్త చీర కట్టాం. పులిహోర మూట కట్టాం. నలుగురు కలిసి మంచం ఎత్తి తొట్టిలోకి తోశారు. తలవైపు వెళ్లింది, నడుము వెళ్లింది, కాళ్లవైపు మాత్రం దాదాపు ఒక మూర (ఎవరి మూర అని అడక్కండి) బయటే ఉండిపోయింది. ఇంకా లోపలికి నెట్టమన్నాడు బాపు. లోపల ఇంకేం లేదన్నాడు అన్న. కాక గబుక్కున తొట్టి ఎక్కి మోచెయ్యి ఆనించి కొలిచాడు, నాలుగు మూరలే. అన్న మంచం పట్టె కొలిచాడు, నాలుగు మూరలకు తక్కువే. ఇద్దరూ మళ్లీ కొలిచారు, ఇద్దరూ సరిగ్గానే కొలిచారు. షోరూము వాడు బండి మార్చి ఇచ్చాడేమోనని బాపు నంబరు చూడబోయాడు. మంచం సగం తొట్టిలో, సగం గాలిలో మనుషుల భుజాల మీద ఉంది. దాని మీద పడుకుని పక్కపక్కన కొలుస్తున్న ఆ రెండు చేతులనూ చూస్తున్న అవ్వకు నవ్వొచ్చింది. తుంటి నొప్పికి పళ్లు బిగపట్టి మరీ నవ్వింది.

"ఓరి కొడుకా, కొలిచింది నువ్వా? అంగట్ల పలుపుతాడు కొన్నోల్లందరికి ఎరుకనే గదరా నీ చెయ్యి."

కాక తన చేతులు రెండూ ముందుకు చాపి వాటినే చూసుకుంటూ తొట్టిలో కూలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. అవ్వ నవ్వు మానేసి, "ఏడ్వకు. గా చేతులు నా కడుపులకెల్లి వచ్చినయే. కన్నదాన్ని, నేనే మర్చిపోయిన, నువ్వేం జేస్తవ్" అంది. మంచం వెనక్కి దించాం. ఆ పులిహోర వాకిట్లోనే తిన్నాం.

తరువాత ఉపాయాలకు కొదవ లేదు. వెనక తలుపు తీసేసి తాళ్లతో కడదామని కాక అంటే, బోధన్ దారి గుంతల్లో తాడుకు ప్రాణం అప్పగించలేనని బాపు అన్నాడు. మంచం పట్టెలు కోయించి పొట్టిది చేయిద్దామని అన్న అంటే, మంచం కోస్తే నా కాళ్లు గూడ కోస్తరా ఏంది అని అవ్వ అడిగింది. పొడుగుబండి ఒకటి కిరాయికి మాట్లాడడం అన్నిటికన్నా తేలిక. అది అందరికీ తోచింది కూడా. కానీ ఇంటి ముందు పసుపు ఆరని కొత్త బండి పెట్టుకుని ఇంకొకరి బండి పిలిస్తే గల్లీలో ఏమనుకుంటారని బాపు వెనకాడాడు. నాకూ ఆ మాట సబబే అనిపించింది. నాట్లు అయ్యాక చూద్దామన్నారు. నాట్లు అయ్యాక వానలు తగ్గాక అన్నారు. అవ్వ మాత్రం అడగడం మానేసింది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే, నేను పోయచ్చిన గదా అని చెయ్యి ఊపేది. మమ్మల్ని ఊరడించడానికి అంటుందనుకునేవాళ్లం. కార్తీకం రాకముందే, ఒక తెల్లవారుజామున, ఆ మంచం మీదే, నిద్రలోనే వెళ్లిపోయింది. కోటగిరి నుంచి, జుక్కల్ నుంచి చుట్టాలందరినీ ఆ రెండు వరసల సీట్లే మోసుకొచ్చాయి.

ఆ బండిని నేనెన్నడూ తిట్టుకోలేదు. చాలా ఏళ్లు మాకు అన్నం పెట్టింది, వదినను కాన్పుకు దవాఖానకు చేర్చింది. దాని ముందు నుంచి వెళ్లినప్పుడల్లా చేత్తో తాకి కళ్లకద్దుకునేదాన్ని. కాక మాత్రం ఆ తరువాత ఒక టేపు కొని దర్జీలా మెడలో వేసుకుని అంగడికి పోయేవాడు. కొనేవాళ్లకు అది నచ్చలేదు, కాక మూరే కావాలి, మీదికి జానెడు వస్తుంది కదా అని పోట్లాడేవాళ్లు. కాక నవ్వేవాడు కాదు.

చాలా కాలం తరువాత, తలలో తెల్ల వెంట్రుకలు కనబడడం మొదలయ్యాక, ఒక్కదాన్నే బస్సెక్కి బాసర వెళ్లాను. పలకలు పట్టుకున్న చిన్నపిల్లల వరసలో కూర్చుంటే అయ్యగారు నా ముందు ఆగి, నా చుట్టూ వెతికి, పాప ఏదమ్మా అన్నాడు. నేనేనండీ అన్నాను. ఆయన ఒక్క క్షణం చూసి, బియ్యం నా ముందుకు జరిపి వేలు పట్టుకున్నాడు. పక్కన ఏడుస్తున్న పిల్లాడు నన్ను చూసి ఏడుపు ఆపేశాడు. (నావల్ల ఆ రోజు జరిగిన మేలు అదొక్కటి.) దేవుణ్ణి ఇప్పుడు కొలతలు చెప్పి అడగను. నాలుగు మూరలని నేను అంకె అడిగాను గానీ, అవ్వ బాసర చేరాలని అడగలేదు. ఆయన అంకె ఇచ్చాడు. మిగతాదానికి ఆయననేం అనను?

అవ్వ రూపాయి కొంగున ముడివేసుకుని తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు కిటికీ సీటు దొరకలేదు. తిరుగు బస్సులో దొరికింది. బ్రిడ్జి మీదికి రాగానే అందరూ గోదావరికి దండం పెట్టి చిల్లర విసిరారు. నేను ముడి విప్పి రూపాయి చేతిలోకి తీసుకున్నాను. చెయ్యి కిటికీ దాకా వెళ్లింది. అక్కడే ఆగిపోయింది. బ్రిడ్జి అయిపోయింది.

"ఎయ్యకపోతివి గదక్కా" అంది పక్కనున్నామె.

"మా అవ్వ ఎప్పుడో ఏసింది చెల్లే" అని రూపాయిని మళ్లీ కొంగున ముడివేసుకున్నాను.