పేరుపాలెం నుంచి వచ్చే సంచి

సత్యకుమారి ఆఖరుసారి చేసిన పని, లేసు పువ్వుల సంచిని ఆటోకి తగిలించి పంపడం. వారం వారం చేసే పనే అది. సంచి చెవులు వేళ్ళకి ఆనేవి కావు కనక, మోచేతి మడతలో వేలాడేసుకుని రోడ్డు దాకా వచ్చేది. ఆటో ఆగగానే చెయ్యి ముందుకి చాపేది. డ్రైవరు సంచి తీసుకుని అద్దం కొక్కేనికి తగిలించేవాడు. ఎవరికని అడిగేవాడు కాదు. మొగల్తూరులో రాజుల వీధి మొదట్లో ఆపి, హారన్ కొట్టి ఇచ్చేవాడు.

ఆ రోజు ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందంది. ఇంటికెళ్ళి పడుకుంది. ఆ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది. నర్సాపురం ఆసుపత్రికి తీసుకెళ్ళారు కానీ, కీళ్ళవాతానికి ఏళ్ళ తరబడి వేసుకున్న మందులతో ఒళ్ళు అప్పటికే డొల్లయిపోయి ఉంది. నిలబడలేదు.

సంచి మాత్రం ఎప్పటిలాగే చేరింది. మొగల్తూరులో రత్నమాణిక్యం దాన్ని వసారాలో మేకుకి తగిలించి, తీరిగ్గా విప్పుదామనుకుంది. కబురు తెచ్చింది కూడా ఆ ఆటో డ్రైవరే. ఈసారి హారన్ కొట్టలేదు. దిగి గుమ్మం దాకా వచ్చాడు.

"సత్యకుమారి గారు పోయారండి," అన్నాడు.

రత్నమాణిక్యం మేకు వంక చూసింది.

వాళ్ళిద్దరూ కలిసింది రాజమండ్రిలో, కీళ్ళ డాక్టరు గారి వరండాలో. అప్పటికి రొయ్యలకి తెల్లమచ్చ తెగులు సోకి జగపతిరాజు గారి చెరువులు పాడుబడి కొన్నేళ్ళయింది. ఆయన భార్య రత్నమాణిక్యం ఘోషా ఇంట పుట్టిన మనిషి. తలుపు చాటున కూర్చుని చేసుకునే పని కనక లేసు అతుకు పని పట్టింది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు సూదితో విడివిడిగా అల్లిన దారపు పువ్వుల్ని ఒకదానికొకటి కలిపి, బల్లగుడ్డలూ దిండు గలీబులూ చెయ్యడమే అతుకు పని. పని చేతికి పట్టుబడిన రెండో ఏటికల్లా చేతికి జబ్బు పట్టింది. కణుపులు వాచాయి. పొద్దున లేస్తే గుప్పిట మూసుకునేది కాదు. కాఫీ గ్లాసుని రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగేది.

ఆ రోజు వరండాలో ఆవిడకి విపరీతమైన దాహం వేసింది. ఒళ్ళో నీళ్ళ ఫ్లాస్కుంది. మూత తిరగలేదు. కొంగు చుట్టి తిప్పింది, రాలేదు. పక్కనున్న కుర్రదాన్నో నర్సునో అడగడానికి మొహం చెల్లలేదు. అటువైపు కూర్చున్న నల్లటి సన్నపాటి మనిషి ఇదంతా చూస్తూనే ఉంది.

"ఇలా ఇవ్వండమ్మగారూ."

ఆమె ఫ్లాస్కుని మోకాళ్ళ మధ్య బిగించి, వంగి, మూతని పళ్ళతో కరిచి తల తిప్పింది. మూత వచ్చింది.

"పళ్ళకింకా రాలేదండి ఈ జబ్బు," అంది.

ఎంగిలి అన్న మాట రత్నమాణిక్యం నోటిదాకా వచ్చింది. దానికన్నా ముందు నీళ్ళు గొంతులోకి వెళ్ళాయి. తాగాక నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైనట్టుంది, దవడలు నొప్పెట్టాయి.

"ఏ ఊరు మీది?"

"పేరుపాలెమండి. మా ఆయనది వేట. సముద్రంలోనే పోయాడు. నేనూ కూతురూ లేసు అల్లుతామండి."

"లేసా? నేను అతుకుతాను."

"ఆయ్, అయితే నా పువ్వులు మీ చేతి మీదుగా వెళ్ళే ఉంటాయండి."

అప్పట్నుంచీ డాక్టరు గారి దగ్గరికి నెలనెలా కలిసే వెళ్ళారు. నర్సాపురంలో పాసింజరు ఎక్కితే రాజమండ్రి చేరేసరికి ఎండెక్కేది. కిటికీ పక్క సీటు ఎవరి మోకాలు ఎక్కువ వాస్తే వాళ్ళది. పాలకొల్లులో ఒకావిడా, తణుకులో టీచరమ్మ ఒకావిడా ఎక్కేవారు. వాళ్ళవీ అవే చేతులు. రైలు కదలగానే అందరూ చేతులు చాపి ఒకరివొకరు చూసుకునేవారు. ఎవరి గుప్పిట ఎంత వరకు మూసుకుంటోంది, ఎవరి మణికట్టు వాపు దిగింది అని. డాక్టరు గారు చెప్పనివన్నీ ఆ పెట్టెలోనే తెలిసేవి. జాకెట్టుకి హుక్కులు తీసేసి టిచ్ బటన్లు కుట్టించుకోవాలని టీచరమ్మ చెప్పింది. పొద్దున గోరువెచ్చటి ఉప్పునీళ్ళలో చేతులు పెట్టుకుని కూర్చుంటే పదింటికల్లా వేళ్ళు మనమాట వింటాయని పాలకొల్లావిడ చెప్పింది. కాలివేళ్ళు వాచి మెట్టెలు కోయించుకున్నందుకు అత్తగారు అన్న మాటలు చెప్పుకుని రత్నమాణిక్యం ఆ రైల్లోనే కళ్ళు తుడుచుకుంది.

"మా ఆడపడుచయితే మెట్టెల్లేని నా కాళ్ళకేసి చూసి, పోయినోడి పేరు చెప్పుకుని ఏడ్చిందండి. నాకా ఏడుపు సుఖం కూడా లేకుండా చేసింది," అంది సత్యకుమారి. పెట్టెలో అందరూ నవ్వారు.

వారానికోసారి వేసుకునే మాత్రని వాళ్ళంతా ఆదివారానికే పెట్టుకున్నారు. సోమవారం వికారం, తల తిప్పుడు. ఆ రోజు ఎవరింట్లో వాళ్ళు పడుకుని, మిగతా ముగ్గురూ పడుకునే ఉంటారులే అనుకునేవారు. అదొక ఊరట.

తిరుగు ప్రయాణంలో మాటలు ఉండేవి కావు. ఒకసారి నిడదవోలు దాటాక సత్యకుమారి కళ్ళు మూసుకునే అంది.

"నొప్పంటే నమ్ముతారండి. వాపు కనిపిస్తది కదా. అలుపంటే ఎవరూ నమ్మరు. పొద్దున్నే లేచి కూర్చుని ఈ అలుపేంటి అంటారు."

రత్నమాణిక్యం కిటికీ పక్క సీటు ఆమెకి వదిలి ఇటు జరిగింది.

"సూది చేతిలో ఉన్నంత కాలం మనిషినండి నేను," అంది మళ్ళీ. "అది జారిపోయిందంటే ఇంక మంచానికి కోళ్ళు నాలుగైతే నేను అయిదోదాన్ని."

ఆ మాట రత్నమాణిక్యం మనసులో ఉండిపోయింది. అందుకే, ఆ తరువాతి ఎండాకాలంలో లేసు ఏజెంటు వీరాస్వామి దారం ఉండలు తెచ్చి అరుగు మీద కూర్చుని గొణుగుతుంటే చేతిలో పని ఆపేసింది.

"పేరుపాలెం సత్యకుమారి పువ్వులు గాలికి తిరగబడ్డ గొడుగుల్లా ఉంటున్నాయండి. ఒక రేకు బిగుతు, ఒక రేకు వదులు. అలాంటివి పంపితే బల్లగుడ్డ మొత్తం వెనక్కొస్తది. ఇకమీదట ఆవిడకి దారం ఇవ్వనండి."

"వీరాస్వామీ, ఆవిడ పువ్వులు తిన్నగా నా దగ్గరికి పంపమను. సరిచూసి నేను అతుకుతాను. తేడా వస్తే నన్నడుగు."

"మీకెందుకండీ శ్రమ?"

"నీకు గుడ్డ బాగుండాలా, నా శ్రమ గురించి కావాలా?"

వీరాస్వామి తల గోక్కున్నాడు. అలా మొదలైంది పేరుపాలెం సంచి.

పదింటికి, ఉప్పునీళ్ళలోంచి చేతులు తీసి తుడుచుకున్నాక, రత్నమాణిక్యం సంచి ఒళ్ళో గుమ్మరించుకునేది. పువ్వులు నిజంగానే గొడుగుల్లా ఉండేవి. ఒక్కొక్క పువ్వునీ విప్పి, అదే దారంతో మళ్ళీ అల్లేది. సొంత అతుకు పని వెనకబడేది. కొన్ని రోజులు రెండు పువ్వులయ్యేసరికే భుజం దాకా మండేది, సూది పక్కన పెట్టి గోడకి చేరగిలబడేది. సత్యకుమారికి ఈ సంగతి తెలియకూడదని ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

ఒక్కటే అదృష్టం. సత్యకుమారి పువ్వులకి చివరి ముడి ఉండేది కాదు. దారం కొసని ఊరికే రేకు కిందికి దోపి వదిలేసేది. కొస పట్టుకుని లాగితే చాలు, పువ్వంతా జలజలా జారి వచ్చేసేది. పాపం, ముడి బిగించే సత్తువ కూడా పోయింది దీనికి, అనుకునేది రత్నమాణిక్యం. అనుకున్నప్పుడల్లా మరో పువ్వు విప్పేది.

ఒకసారి రైల్లో అంది, "వీరాస్వామి నీ పువ్వుల్ని మెచ్చుకుంటున్నాడే సత్యం. దిద్దినట్టున్నాయట."

సత్యకుమారి కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది.

"మీ అతుకులో అందమండి అది," అంది. "ఏ పువ్వయినా మీ చేతికొచ్చాక బాగుపడతది."

రత్నమాణిక్యం ఆ మాటని పొగడ్త అనుకుంది. అలా మూడు వానాకాలాలు గడిచాయి.

పెద్దకర్మ రోజున రత్నమాణిక్యం పేరుపాలెం వెళ్ళింది. ఆ ఇంటికి వెళ్ళడం అదే మొదలు. విప్పని సంచి ఒళ్ళో పెట్టుకుని అదే ఆటోలో వెళ్ళింది. చిన్న ఇల్లు, వెనక సరుగుడు తోట, దాని వెనక సముద్రం హోరు. సత్యకుమారి కూతురు నాగదుర్గ ఎదురొచ్చి, ఆవిడ మోకాళ్ళు చూసి, అడక్కుండానే ఎత్తుపీట తెచ్చి వేసింది. మంచం కింద ఉప్పునీళ్ళ బేసిను ఇంకా అలాగే ఉంది.

టీవీ మీద లేసు గుడ్డ కప్పి ఉంది. పువ్వులన్నీ గొడుగులే. రత్నమాణిక్యం దాని అంచు చేతిలోకి తీసుకుంది. అలవాటున వేలు కొస కోసం వెతికింది. దొరికింది. లాగింది. రాలేదు. మళ్ళీ లాగింది. ఆవగింజంత ముడి, రాయిలా ఉంది.

"రాదండి అది," అంది నాగదుర్గ. "అమ్మ ముడేస్తే కత్తిరించాల్సిందే. పళ్ళతో కరిచి పట్టుకుని బిగించేదండి."

"ఎప్పుడు అల్లింది ఇది?"

"మొన్న శ్రావణంలోనండి. మీ సంచిలో పువ్వులతో పాటే."

రత్నమాణిక్యం గుడ్డ వదల్లేదు. నాగదుర్గ సంచి అందుకుని, లోపలి పువ్వుల్ని వేళ్ళతో ఒకసారి తడిమింది.

"మీకు పంపేవాటికి మాత్రం ముడి వేసేది కాదండి. నేనేస్తానంటే చెయ్యి నెట్టేసేది. వదిలెయ్యవే, ఆవిడ వేళ్ళూ నా వేళ్ళలాంటివే, విప్పుకోవాలి కదా, అనేదండి."